కుడితి తొట్టిలో నా జడ

మా చిన్నప్పుడు... కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరే రోజుల్లోనే, మా బడి ఆడపిల్లల తలల్లో పేలు కూడా విరగపండేవి.

పర్చూరు దగ్గర పల్లె మాది. నేను అప్పుడు నాలుగో తరగతి. నడుం దాటిన జడ నాది... అదంటే చెప్పలేనంత గర్వం. ఆ గర్వం మా నాన్న నుంచి వచ్చిందే. ఆయన చెవుల మీదికి క్రాపు పెంచి, పొలం వెళ్తూ కూడా జేబులో దువ్వెన పెట్టుకునేవాడు.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో కోలాటం. టీచరు గారు నన్ను ముందు వరసలో నిలబెట్టారు. నా తాళం చూసి కాదు లెండి, జడ చూసి.

సరిగ్గా అప్పుడే అమ్మ కంట్లో పడ్డాను... పుస్తకం ముందేసుకుని రెండు చేతులా తల గోక్కుంటూ. దగ్గరికి లాక్కుని చెవుల వెనక, మెడ మీద పాయలు తీసి చూసింది. మెడంతా ఎర్రటి దద్దుర్లు, వెంట్రుకలకి తెల్లగా అంటుకుని ఈపులు. చుండ్రేమోనని దులిపి చూసింది. చుండ్రయితే రాలేది, ఈపులు ఎందుకు రాలతాయి?

అమ్మ వెంటనే పడమటి వైపు తిరిగి దణ్ణం పెట్టేసింది. ఈ పీడ వదిలితే శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో తలనీలాలు ఇప్పిస్తానని! వదలకపోతే ఊళ్ళో మంగలిని పిలిచి గీయిస్తానని నాకు వేరే చెప్పింది. పేలు పోతే మొక్కు, పోకపోతే మంగలి... ఎటు చూసినా నాకు గుండే. వార్షికోత్సవమేమో శివరాత్రి దాటాక. గుండుతో కోలాటం తల్చుకుని ఆ పూట అన్నం కూడా తినలేదు నేను.

ఎదురింటి పిన్ని కిరసనాయిలు రాయమంది. పొయ్యి దగ్గర తిరిగే పిల్లకి కిరసనాయిలేంటని మా నాయనమ్మ ఆవిణ్ణి రెండో మాట మాట్లాడనివ్వలేదు.

మర్నాడు సాయంత్రం అమ్మ కల్లం నుంచి రాగానే నన్ను అరుగు మీద ముందు కూర్చోబెట్టుకుంది. పొద్దుట్నుంచీ మిరపకాయల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరి ఏరి వచ్చిన చేతులు. కడుక్కుంది పాపం... కానీ మిరప ఘాటు ఉత్త నీళ్ళకి పోతుందా? ఆ చేత్తో మా వైపు ఎవరూ కన్ను కూడా నలుపుకోరు. పేల కంగారులో అమ్మకి ఆ సంగతే గుర్తు రాలేదు.

గోకి గోకి పుండైన తల నాది. నాలుగు పేలు చిక్కాయో లేదో... తలంతా భగ్గుమంది! కెవ్వున అరిచి, అరుగు మీంచి దూకి, గేదె ముందున్న కుడితి తొట్టిలో తల ముంచేశాను. జడంతా తవుడు, గంజి. తన సాయంత్రం భోజనంలో ఈ తలేంటో గేదెకి అర్థం కాలేదు... నా చెవి నాకి చూసింది. వీధి వీధంతా ఒకటే నవ్వు.

"నా చేతులు పడిపోను, పిల్ల తల కాల్చేశానే..." అని అమ్మ ఒకపక్క ఏడుపు, ఒకపక్క నవ్వు.

నాయనమ్మ మాత్రం నవ్వలేదు. తల కడిగి, మజ్జిగ పోసి, గిన్నెడు కొబ్బరినూనె కుదుళ్ళ దాకా పట్టించింది. మంట చల్లారింది. తాతయ్య తెల్లపంచె పరిచి, సన్నపళ్ళ చెక్క ఈర్పెనతో మొదట్నుంచి చివరిదాకా పాయపాయగా దువ్వింది. నూనెలో పేలకి కాళ్ళాడలేదు... పంచె మీద టపటపా రాలాయి.

తెల్లారేసరికి ఊళ్ళో పుకారు, మిరప చెయ్యి పెడితే పేలు చస్తాయని! నా పక్కన కూర్చునే జాన్‌బీని వాళ్ళమ్మ మా ఇంటికి లాక్కొచ్చింది, అమ్మ చేత ఆ చెయ్యి పెట్టించడానికి. జాన్‌బీ గడ్డివామి వెనక్కి పరుగో పరుగు. అప్పుడు నాయనమ్మ అందరికీ వినపడేలా చెప్పింది.

"మిరపకాయ కాదే అమ్మా, నూనే దువ్వెనా. ఒక్క తల బాగుచేస్తే ఏం లాభం, రేపు పక్క తల నుంచి ఎక్కుతాయి. పిల్లలందర్నీ కూర్చోబెట్టండి."

ఇంకేముంది... మా అరుగు మీద రైలుబండే. ఒకరి వెనక ఒకరు, ముందున్న తల దువ్వుతూ. కబుర్లు, పొడుపుకథలు, మధ్యలో వేయించిన శనక్కాయలు. ఈపులు పగిలి మళ్ళీ పేలవుతాయని, కొన్నాళ్ళపాటు రోజు విడిచి రోజు అదే పని. దిండు గలీబులు మరిగే నీళ్ళలో వేశారు. నేనూ జాన్‌బీ రోజూ మార్చుకునే రిబ్బన్లు కూడా ఎవరివి వాళ్ళకే అయిపోయాయి... అదొక్కటే దిగులు మాకు.

పేలు పోయాయి. మొక్కు మిగిలింది.

శివరాత్రికి కొండ దగ్గర మంగలి ముందు నిలబడ్డాను. కళ్ళనిండా నీళ్ళు, రెండు చేతులతో జడ పట్టుకుని వదలట్లేదు. అమ్మ కూడా నా మొహం చూడలేక అటు తిరిగింది. స్వామికిచ్చిన మాట మరి... అప్పుడు నాన్న నన్ను పక్కకి జరిపి, తను కూర్చున్నాడు.

"మొక్కింది మన ఇంటి తలే కదా. కానియ్యవయ్యా."

వార్షికోత్సవం రోజు ముందు వరసలో నేను... జడకుచ్చులు ఎగురుతుంటే కోలాటం. ఎదురుగా జనంలో గ్యాసులైటు వెలుగుకి మెరిసిపోతూ మా నాన్న గుండు. నా కర్రల కంటే ఆయన చప్పట్లే గట్టిగా వినపడ్డాయి.

మొన్న మా అమ్మాయి బడి నుంచి పేల గురించి మెసేజ్ వచ్చింది. మెడికల్ షాపులో మందు, ఇనుప దువ్వెన తెచ్చాను. చకచకా దువ్వేశాను. "అయిపోయిందా మమ్మీ" అని లేచి వెళ్ళిపోయింది. పేలు త్వరగా పోవడం మంచిదే, కాదనను... కానీ అరుగు లేదు, వెనక ఇంకో మనిషి లేదు, తలలో వేళ్ళాడుతుంటే ముంచుకొచ్చే ఆ నిద్ర లేదు.

ఆ రాత్రి దిండు గలీబులు మరగబెడుతుంటే నాన్నే గుర్తొచ్చాడు. మరి మీరూ చెప్పండి... మీ జడ కోసం మీ ఇంట్లో ఎవరు గుండు చేయించుకున్నారు?