వణికే చేతికి తాళాలిచ్చిన పెద్దాయన

మా వీధి పెద్దాయన పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఎయిర్‌పోర్టులో ట్రాలీలు నెడుతున్నాను. ఫోన్ చేసిన మా ఆవిడ "పెద్దాయన పోయిండు" అని చెప్పి, "నువ్వు సీదా ఇంటికే రా" అంది. దుఃఖం వస్తే నేను దారిలో ఎక్కడ ఆగుతానో ఆమెకు తెలుసు. ఐదేళ్లుగా ఆగలేదు. అయినా ఆమె మీద కోపం రాలేదు.

ఆ ఐదేళ్లూ పెద్దాయన పెట్టిన భిక్ష. శంషాబాద్ పక్కన మా ఊళ్లో, పోచమ్మ గుడి వెనక రేకుల షెడ్డులో రోజూ సాయంత్రం ఆరింటికి భజన పెట్టేవాడు. వైన్స్ దగ్గర జనం మూగే వేళ కూడా అదే. తాగుడు మానాలనుకున్నవాళ్లకే పిలుపు. ఆయనా ఒకప్పుడు తాగి పొలం పోగొట్టుకుని, ఇరవై ఏళ్ల క్రితం మానేసినవాడే. నేను వెళ్లిన మొదటిరోజు నా చేతుల్లో భజన తాళాలు పెట్టాడు. "వణుకుతున్నయి బాపూ" అన్నాను సిగ్గుపడుతూ. "వణికే చెయ్యే తాళం మంచిగ కొడ్తది, కొట్టు" అన్నాడు. నెత్తిమీదుగా విమానం పోయి పాట వినపడనప్పుడు కూడా ఆపనిచ్చేవాడు కాదు.

ఆయన గొంతు మాత్రం ఘోరం. దేవుడు చెవులు మూసుకుంటాడని వెక్కిరిస్తే, "మూసుకోనీ. మీరు వైన్స్ కాడ లేరు, షెడ్డుల ఉన్నరు. గంతే చాలు" అనేవాడు.

బోనాలప్పుడు మా ఊరివాళ్లు అమ్మవారికి సాకగా కల్లు ధార పోస్తారు. మా భజనవాళ్లతో మాత్రం ఆయన వేపాకు వేసిన బెల్లం నీళ్లే పోయించాడు. పెద్దమనుషులు తగువుకొచ్చారు. "అమ్మకు కల్లు కావాల్నంటే ఆమెనే తెచ్చుకుంటది. వీళ్ల చేతికి ఇయ్యకుండ్రి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఏడాదిపాటు చుట్టాలెవరూ ఆయన గడప తొక్కలేదు. చావుకు మాత్రం అందరూ వచ్చారు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి సమాధి దగ్గర విస్తట్లో పెడతారు. కాకి ముట్టాకే మిగతావాళ్లు తినాలి. మధ్యాహ్నం దాటినా కాకి రాలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "మందు లేకుంటే అన్నకు ముద్ద దిగేదా? గందుకే అలిగిండు" అంటూ ఆయన తమ్ముడు జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు.

"ఆయన ముట్టక ఇరవై ఏండ్లాయె" అంది పెద్దాయన భార్య. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడు సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వంటే ఆయనకు పాణం గద. నీ చేత్తోని పొయ్యి."

అందరూ నావైపే చూస్తున్నారు. ఊరందరికీ ఎదురునిలిచి ఆయన అన్న మాట నా నోట రాలేదు. మూత తీసి విస్తరి ముందు పోశాను.

కాసేపటికి కాకి వచ్చి గారె ముక్క ఎత్తుకుపోయింది. "చూసిండ్రా?" అని తమ్ముడు నవ్వాడు. అందరూ తేలికపడి భోజనాలకు లేచారు. ఇరవై ఏళ్ల ఆయన పట్టుదలను ఒక్క కాకిని సాక్ష్యం పెట్టి కొట్టిపారేశారు, అదీ నా చేతులమీదుగా. పెద్దాయన భార్య నా ముఖం చూడలేదు.

చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. ఆరింటికి వెళ్లి షెడ్డు తలుపు తీశాను. ఎవరూ రాలేదు. చాప మీద కూర్చుని ఆయన తాళాలు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. నేను కొట్టకుండానే అవి నా చేతుల్లో మోగుతున్నాయి.