ఆఖరి డబ్బాకు లేని బ్రేకు

కరోనా తగ్గి మగ్గాలు మళ్ళీ ఆడటం మొదలైన ఏడాది అది. షోలాపూర్ భవాని పేట్‌లో మా ఇంటి ముందు గదే నా కార్ఖానా. టవళ్ళకు, చద్దర్లకు, గోడకు తగిలించే వాల్ హ్యాంగింగులకు బొమ్మలు గీసి, జకార్డ్ కార్డులు గుద్దడం నా పని. మా ఆయన పోయాక ఈ పని నేనే పట్టుకున్నాను. చేతి కన్నా నోరు పదునని పేట్‌లో నాకు పేరు. ఉంటే ఉండనీ.

జకార్డ్ అంటే మగ్గం నెత్తిన కూర్చునే యంత్రం. బొమ్మను ముందు గ్రాఫ్ గళ్ళలో గీయాలి. ఆ గళ్ళలో అడ్డంగా ఒక్కో వరుసకు ఒక్కో అట్ట కార్డు. కార్డులో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్‌లో గీస్తున్నాం గానీ పద్ధతి అదే.

ఆ ఎండాకాలం రాజేశం అనే ఆయన వచ్చాడు. తెలంగాణ బొగ్గు గనుల్లో చేసి రిటైరైన మనిషి, ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తాడు. హోట్గి రోడ్‌లో కూతురింట్లో దిగాడు. తమ ఊళ్ళో కార్మికులు కట్టుకున్న హాలులో తగిలించడానికి ఒక పెద్ద హ్యాంగింగ్ కావాలన్నాడు.

“మా చిన్న రైలు బొమ్మ నెయ్యాలె చెల్లె. ఫోటో లేదు. నేను చెప్త, నువ్వు గియ్యి.”

చిన్న రైలంటే నారో గేజ్, రెండు పట్టాల మధ్య రెండున్నర అడుగులే. గుట్ట మీది గనుల నుంచి బొగ్గును కింద పెద్ద లైను స్టేషనుకు దించడానికి నైజాం కాలంలో వేశారట. పొద్దున ఖాళీ డబ్బాల్లో కూలీలు పైకి పోయేవారు. డ్యూటీ దిగాక బొగ్గు మీదే కూర్చుని కిందికి వచ్చేవారు. నలభై ఏళ్ళ కిందట ఒక సాయంత్రం నిండు బండి దిగుడులో ఆగకుండా ఉరికి, వాగు మలుపు దగ్గర బోల్తా పడింది. రాజేశం కాలు అక్కడే విరిగింది, వాళ్ళ అన్న అక్కడే పోయాడు. ఇంకా చాలామంది పోయారు. తర్వాత లారీలు వచ్చాయి, పట్టాలు పీకేశారు. ఆ కట్ట మీద ఇప్పుడు తుమ్మచెట్లు ఉన్నాయట.

ఆ బండిని ఆ దినం ఉన్నది ఉన్నట్టు గీయాలని ఆయన పట్టు. ఇంజను పొగగొట్టం పొట్టిదన్నాడు, చెరిపాను. డబ్బాల అంచులు సొట్టలు పడి ఉండాలన్నాడు, సొట్టలు పెట్టాను. దిగుడు నున్నగా లేదన్నాడు. ఏటవాలు గీత గళ్ళలో మెట్లు మెట్లుగానే పడుతుంది, నేనేం చేయను అని కసిరాను. అట్లా ఆఖరి డబ్బా దాకా వచ్చాం. దిగుడులో ఇంజను బ్రేకు ఒక్కటే చాలదని, ఆఖరి డబ్బాలో ఒక మనిషి నిలబడి ఇనుప చక్రం తిప్పి బ్రేకు వేయాలని ఆయనే అంతకు ముందు చెప్పాడు.

“చక్రం ఎటు పక్క పెట్టాలె రాజన్నా?”

“వద్దు. ఆ దినం బ్రేకు డబ్బా మరమ్మత్తుకని షెడ్డుల ఉండె. ఎన్కాల వట్టి బొగ్గు డబ్బానే కట్టిన్రు. గట్లనే గియ్యి.”

“మరి బ్రేకు మనిషి?”

“ఓదెలుగాడా? వాడే ముంచిండు మమ్ముల. బ్రేకు ఎయ్యకుంట దుంకి పారిపోయిండు. దుంకినకాడనే తల పగిలి సచ్చిండు. విచారణల గూడ వాని తప్పనే రాసిన్రు. వాణ్ని బొమ్మల పెట్టకు.”

నా నోరు ఆగలేదు. “చక్రమే లేని డబ్బాల ఏం పట్టుకొని ఆపాలె ఆయన?”

రాజేశం కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. “నువ్వు బొమ్మ గియ్యి చెల్లె, పంచాయితీ పెట్టకు” అని, పోసిన చాయ్ ముట్టకుండా లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ దినం బండి ఎక్కి బతికినవాళ్ళకు తెలిసిన సంగతే, విచారణలో ఒక్కరూ నోరు విప్పలేదు.

రెండు రోజులకు ఫోను చేశాడు.

“మా హాలు కమిటీల మాట్లాడినం. ఆఖరి డబ్బాకు చక్రం పెట్టు.”

“లేదని నువ్వే అంటివి గదా?”

“యాది తప్పిన అనుకో. మా అన్న పోయిండు చెల్లె. ఇన్నేండ్లు వాణ్ని తిట్టుకుంటనే బతికినం. ఇప్పుడు వాడు గాదంటే ఎవల్ని తిట్టాలె?”

పాపమనిపించింది. అయినా సరేనని అనలేకపోయాను.

ఆ వారంలోనే కుంఠా నాకా నుంచి నర్సవ్వ వచ్చింది. తన తమ్ముడి మగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టే ముసలామె, ముఖం తెలుసు గానీ ఎప్పుడూ మాట్లాడింది లేదు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే కూర్చుంది.

“బిడ్డా, బొగ్గు బండి బొమ్మ చేస్తున్నవంట. దాంట్ల నా మొగుణ్ని పెడ్తవా? పేరొద్దు, మొఖం గూడ వద్దు. ఆఖరి డబ్బాల నిలవడ్డట్టు ఒక్క మనిషిని పెట్టు, సాలు.”

“మీ ఆయన పేరేందవ్వా?”

“ఓదెలు.”

రాజేశం బొమ్మలో పెట్టొద్దన్న మనిషే. ఆమే చెప్పుకుంటూ పోయింది. దినాలన్నా కాకముందే క్వార్టర్‌లోంచి సామాను బయట పడేశారట. అప్పుడు తమ్ముడింటికి వచ్చిన మనిషి మళ్ళీ ఆ ఊరి ముఖం చూడలేదు. పెత్తరమాస, అంటే మహాలయ అమావాస్య నాడు మన ఇళ్ళలో పోయినవాళ్ళ ఆకలి తీరాలని వాళ్ళ పేరున అయ్యగారికి బియ్యం ఇస్తాం కదా, మొగుడి పేరున ఆమె ఒక్క ఏడూ ఇవ్వలేదట.

“నేను గూడ నమ్మిన బిడ్డా. గంతమందిని సంపి ఉరికిండనుకున్న. ఆయన పేరు మీద ఇద్దామంటే చెయ్యి రాలె. ఇప్పుడు ముసలిదాన్నయిన, ఆయన ఆ బండి మీద ఎట్ల నిలవడుతుండెనో ఒక్కపాలి సూడబుద్ధయింది.”

లేవదీసి తెర ముందు కూర్చోబెట్టాను. ఆమె వేలు ఇంజను మీద నుంచి ఒక్కో డబ్బా దాటుతూ ఆఖరిదాని దగ్గర ఆగింది. మొగుడికి సద్ది తీసుకుపోయిన మనిషి, ఆ బండి ఎట్లా ఉండేదో ఆమెకు ఒకరు చెప్పాలా?

“ఈడ చక్రం ఉండాలె బిడ్డా. మర్సిపోయినవ్.”

“మర్సిపోలే అవ్వా. ఆ దినం బ్రేకు డబ్బా కట్టనే లేదంట. వట్టి డబ్బా కట్టి తోలిన్రంట. రాజేశమే చెప్పిండు.”

“ఖరేనా?”

“ఖరే.”

ఆమె ఏడవలేదు. రెండు చేతులతో లెంపలు వేసుకుంది. ఆపుదామని చేయి పట్టుకుంటే విడిపించుకుని మళ్ళీ వేసుకుంది. కొంతసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, “ఆయనను పెట్టకు బిడ్డా. పెడ్తే మల్ల ఆయన దిక్కే సూస్తరు. డబ్బాను గట్లనే ఉంచు” అంది.

రాజేశానికి ఫోను చేసి, మొదట చెప్పినట్టే నేయిస్తాను, చక్రం మాత్రం పెట్టనన్నాను. అట్లయితే మాకొద్దన్నాడు. మా పేట్‌లోనే ఇంకొకరి దగ్గర నేయించుకుపోయారు. ఆ హ్యాంగింగ్‌ను నేను చూశాను. ఆఖరి డబ్బా మీద పెద్ద చక్రం, దాని పక్కన మనిషి లేడు. ఇప్పుడు వాళ్ళ హాలులో ఉన్నది అదే. చూసిన పిల్లలు బ్రేకు మనిషి ఏడని అడుగుతారు, పారిపోయాడని పెద్దలు చెబుతారు.

నా కార్డులతో నేను ఒక్కటే నేయించాను. అది కుంఠా నాకాలో నర్సవ్వ కండెలు చుట్టే చోట, ఆమె తల మీది గోడకు ఉంది.

ఇన్నేళ్ళూ నేను కార్డులో గుద్దిన రంధ్రాలనే పనిగా చూసుకున్నాను. గుద్దని చోటు కూడా మగ్గానికి ఒక మాట చెబుతుందని వేళ్ళకు తెలుసు గానీ మనసుకు తెలియలేదు. ఇప్పుడు ఎవరు ఏ బొమ్మ తెచ్చినా, అందులో ఏం లేదో కూడా అడుగుతాను.

ఆ ఏడు పెత్తరమాసకు నర్సవ్వ ఓదెలు పేరున బియ్యం ఇచ్చింది, నన్నూ తోడు తీసుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మా గడప దగ్గర నిలబడి, “గిన్నేండ్లు ఆకలితోనే ఉంచిన బిడ్డా ఆయనను” అంది.