ఇంకింత ఉండనీ

సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఒక హైదరాబాదీ అంకుల్ ఉండేవారు. ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేసి ఆ మధ్యే రిటైరయ్యారు. భోజనానికి పిలిస్తే, నేను చాలంటున్నా వినకుండా "ఇంకింత ఉండనీ బేటా" అంటూ మరో గరిటె బిర్యానీ వడ్డించేవారు.

ఒక శుక్రవారం నా కంప్యూటర్‌లో పవర్ సప్లై కాలిపోయింది. మర్నాడు పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు క్లాసు చెప్పాలి. కంగారుగా అంకుల్‌ని తీసుకుని షాపుకు వెళ్లాను. నాలుగు వందల యాభై వాట్లది సరిపోతుందన్నాడు షాపతను. అంకుల్ మొహం చిన్నబోయింది.

"ఎనిమిది వందల యాభైది తీస్కో."

"నాది చిన్న కంప్యూటర్ అంకుల్!"

"రేపు పెద్దగైతే ఎట్ల?"

కాదనలేక కొన్నాను. ఇంటికొచ్చి ఆయనే దాన్ని బిగించి, ఒక్కో కేబులూ క్లిక్కుమనేదాకా నొక్కారు. స్విచ్ వేయగానే తెర వెలిగింది. నా ప్రాణం కుదుటపడింది. ఆయన మాత్రం వంగి చూసి హడలిపోయారు. పవర్ సప్లై ఫ్యాన్ తిరగడం లేదు!

అట్ట పెట్టె మీదున్నది చదివి చెప్పాను. "ఎక్కువ పని పడితేనే తిరుగుతుందట. నా తెలుగు పాఠాలు దానికి ఆనవు అంకుల్."

"అంటే, పనే లేదా పాపం?" అన్నారు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

నాకేమనిపించిందో, రేపు క్లాసులో పిల్లలకో కథ చెప్పమని అడిగాను. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అరగంట ముందే వచ్చారు. చిన్నప్పుడు హైదరాబాదు డబుల్ డెక్కర్ బస్సులో నిద్రపోయి తప్పిపోయిన కథ ఎత్తుకున్నారు. నాకు ఒక్క అక్షరం చెప్పే సందు దొరకలేదు.

"నెక్స్ట్ వీక్ కూడా అంకులే కావాలి లా, టీచర్!" అన్నారు పిల్లలు, తమ సింగపూర్ యాసలో.