జీపులో బెర్తు వేసిన మా బావ

మా బావ పోయారు. పొద్దున్నే ఇంటి ముందు జీపు వెనకనున్న నీళ్ల డబ్బా నింపుతుంటే అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, మీ బావ ఎల్లిపోయినార్రా" అంది. డబ్బా నిండి, పొర్లి, నీళ్లు మలంచా రోడ్డు మీదికి పారాయి. టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపేవాడు హారన్ కొట్టేదాకా చేతిలో గొట్టం ఉందనే నాకు తెలియలేదు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు చాలామందే ఉంటారు. రైల్వే వర్క్‌షాపులో పెట్టెల లోపలి పని, అంటే బెర్తులు, కిటికీలు, తలుపులు బిగించే పని చేసి రిటైరయ్యారు. నేనూ రైల్వే మనిషినే, జీపు డ్రైవరుని. నా చదువు అంతంతమాత్రం. అయినా ఆయన గురించి నేను రాయకపోతే నా ప్రాణం ఊరుకోదు. నా కూతుర్ని గదిలోంచి బయటికి తెచ్చిన మహానుభావుడు ఆయన.

నా కూతురికి స్కూటర్ ప్రమాదంలో నడుము కింద కాళ్లు పడిపోయాయి. అంతకుముందు స్నేహితురాళ్లతో వెళ్లి అడవిలో, ఏటి ఒడ్డున గుడారం వేసుకుని పడుకుని వచ్చే పిల్ల. ఆ తర్వాత వెనక గది, చక్రాల కుర్చీ, ఒక్క కిటికీ, కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. ఎలాగోలా ఎత్తుకుని తీసుకెళ్తామనుకున్నా, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, బాత్రూముకి ఎలా వెళ్తుంది? ఆ రెండు ప్రశ్నల దగ్గర మా ఇల్లంతా ఆగిపోయింది. కొన్నాళ్లకు పిల్ల అడగడం మానేసింది. అడగని పిల్లని చూస్తూ అన్నం తినడం ఎంత కష్టమో తండ్రులకే తెలుస్తుంది.

ఒక ఆదివారం బావ సుభాష్‌పల్లిలోని వాళ్లింటి నుంచి వచ్చి, టీ తాగుతూ అన్నారు: "రైల్లో ఊరూరంతా పడుకుని, లెగిసి, మొకం కడుక్కుని దిగతాది. ఒక్క గుంటకి సెయ్యలేమేటి?"

అలా మొదలైంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపు ఒకటి తెచ్చాం. ఇసుకలోకైనా రాళ్లలోకైనా దిగుతుంది. బావ రోజూ సైకిలు మీద వచ్చేవారు. ఏది కొలిచినా ముందు జానతో కొలిచి, తర్వాతే టేపు తీసేవారు. నట్లు చొక్కా జేబులో వేసుకునేవారు. బట్టలు ఉతికేటప్పుడు అక్క తిట్లు మా ఇంటిదాకా వినిపించేవని ఆయనే చెప్పి నవ్వేవారు. గొలుసులకు వేలాడే మడత బెర్తు వేశారు. వంటసామాను పెట్టెను ముందు సీట్ల వెనక, ముందుకి దారి లేకుండా అడ్డంగా బిగించారు. దారిలో తలుపు తెరుచుకోకూడదన్నది ఆయన జన్మంతా పాటించిన రూలు. అందుకని వెనక తలుపుకి, యార్డులో నిలబెట్టిన పెట్టెలకు వేసినట్టు, బయట గడియ పెట్టారు. మూస్తే తనంతట తనే పడుతుంది. లోపల ఏమీ పెట్టలేదు. నాకూ తట్టలేదు.

గడియ బిగించిన మధ్యాహ్నం బెర్తు ఎలా ఉందో చూడాలని బావ ఎక్కి పడుకున్నారు. నేను తలుపు మూశాను. గడియ పడింది.

"ఇంక తియ్యరా బామ్మర్దీ."

"రావట్లేదు బావా. పట్టేసింది."

"పట్టెయ్యాలనే కదేటి బిగించినాను."

వరండాలో కుర్చీలో ఉన్న నా కూతురు పడిపడి నవ్వింది. "మావయ్యా, టికెట్ నేకుండా ఎక్కినారు. అందుకే పట్టుకున్నారు."

"టీటీవి నువ్వేనేటే గుంటా? ఫైను రాసుకో, దిగినాక ఇస్తాను."

టోటో ఆపి ఒకాయన "కీ హోలో దాదా?" అని బెంగాలీలో అడిగాడు, ఏమైందని. మా బావ కునుకు తీస్తున్నారని చెప్పి పంపేశాను. నూనె, సుత్తి కోసం లోపలికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి జీపులో మాట లేదు. ఆయన అసలే ఆయాసం మనిషి. అద్దంలోంచి చూస్తే వెల్లకిలా పడుకుని తలుపు వైపు చెయ్యి చాపి ఉన్నారు. వేళ్లు అందడం లేదు. నా కూతురి నవ్వు ఆగిపోయింది.

గడియ ఊడగొట్టి తీశాను. ఆయన చొక్కా చెమటకి తడిసిపోయింది. వరండా మెట్టు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, నా కూతురి కుర్చీ వైపు చూశారు.

"బయట మనిషుంటే గాని తలుపు తెరుసుకోదు. ఇన్నాళ్లూ ఇలాగేనేటే నీకు?"

"అలవాటైపోయింది మావయ్యా."

"అవకూడదు" అన్నారు.

మర్నాడు బెర్తు తప్ప బిగించినదంతా విప్పేశారు. పిల్లని బెర్తు మీద పడుకోబెట్టి, చెయ్యి ఎంతవరకు చాపగలదో చాపమని, అందినచోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. తలుపు గొళ్లెం, నీళ్ల కొళాయి, లైటు, స్టవ్వు, బెర్తు కింద లాగితే వచ్చే కమోడు, కుర్చీలోంచి లోపలికి జారే పలక, అన్నీ ఆ గీత లోపలే రావాలన్నారు. ఒకసారి నేను స్టవ్వు కొంచెం అవతల పెడదాం, నేను అందిస్తానుగా అంటే, "నీ సెయ్యి నెక్కలో నేదు" అన్నారు.

ముగ్గురం సువర్ణరేఖ ఏటి ఒడ్డుకి వెళ్లాం. బావా నేనూ గుడారంలో పడుకున్నాం. తెల్లవారి నేను కళ్లు తెరిచేసరికి జీపు తలుపు తెరిచి ఉంది. పలక మీద కూర్చుని, కాళ్లు ఎండలోకి వదిలి, నా కూతురు టీ కాస్తోంది. ఎవరూ లేపలేదు, ఎవరూ ఎత్తలేదు. ఆ ఆనందం నేనెలా రాయను! ఇసుకలో కూలబడి ఏడ్చేశాను. బావ గ్లాసు అందుకుని "పంచదార తక్కువైంది" అన్నారు, ఏటి వైపు తిరిగి.

ఆ తర్వాత ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. చివరి నెలలు మంచం, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. "గొట్టం ఎంత పొడుగో నా రాజ్యం అంత" అనేవారు. వాకిట్లోకి వెళ్లాలన్నా అక్క పట్టుకోవాలి. ఊరంతా తిరిగిన మనిషి గది గోడలు చూస్తూ పడుకోవడం నేను చూడలేకపోయేవాణ్ణి. ఆఖరిసారి వెళ్లినప్పుడు నా కూతురు చెప్పింది, ఈసారి తన స్నేహితురాలు జీపు నడుపుతుందని, ఇద్దరే వెళ్తామని. నేను రానక్కర్లేదని.

"ఏదైనా అయితే?" అన్నాను.

బావ గొట్టం సర్దుకున్నారు. "సుద్దగీత గీసినప్పుడు నువ్వెక్కడున్నావురా? బయటే కదేటి. అక్కడే ఉండు."

ఆయన పోయిన ఉదయం నేను నీళ్లు నింపుతున్నది ఆ ప్రయాణానికే. ఆపేశాం. దినకార్యాలు అయ్యాక, ఇంకొన్నాళ్లు ఆగితే మంచిదేమోనని నేను నసుగుతుంటే అక్కే అంది: "ఆగి ఏటి సేస్తావు? గుంటని ఎల్లనీ."

నిన్న స్నేహితురాలు నడుపుతుండగా ఇద్దరూ వెళ్లారు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. మలుపు దగ్గర ఆటోలు కమ్ముకున్నాయి. ఎడమ కిటికీలోంచి నా కూతురి చెయ్యి బయటికి వచ్చి, వెనకున్న ఆటోకి అరచెయ్యి చూపించింది. ఆటో ఆగింది. జీపు తిరిగింది.