గుండు తలల మధ్య ఒక జడ

2005 మార్చి మొదటి వారంలో, తిరుపతిలో మా కంపెనీ డీలర్లకు మూడు రోజుల శిక్షణ నడిపే పని నాకు అప్పగించారు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక బొంబాయి కంపెనీలో నేను అప్పుడు రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలకు ట్రైనింగ్ మేనేజర్‌ని. పేరుకు మేనేజర్నే గాని నా కింద పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. ఒక ప్రొజెక్టరు, దాన్ని మోసే ఆటో, అంతే. నేను చెప్పేదాంట్లో పావు వంతు తీసేసి వినమని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లను ముందే హెచ్చరిస్తుంది. ఈ ఒక్కదాంట్లో తీసేయాల్సిందేమీ లేదు. ఉంటే బాగుండునని నాకే అనిపిస్తుంది.

మా వ్యాపారం తీరు కొంచెం చెప్పాలి. కంపెనీ నేరుగా కొట్టువాడికి సాఫ్ట్‌వేర్ అమ్మదు. ఊరికో డీలరు ఉంటాడు. అతనే సాఫ్ట్‌వేర్ సీడీల పెట్టె తెచ్చి, కొట్లో కంప్యూటర్లోకి ఎక్కించి, గుమాస్తాకు నేర్పి, ఏ తేడా వచ్చినా తిట్లు తినడానికి అందుబాటులో ఉంటాడు. తయారుచేసేవాడు బొంబాయిలో, తిట్లు తినేవాడు నగరిలో. వాళ్లిద్దరినీ కలిపేది ఏడాదికోసారి జరిగే ఈ శిక్షణే. దానికి వచ్చి సర్టిఫికెట్ తీసుకున్న డీలరుకే కొత్త వెర్షన్ పంపేవారు.

ఆ ఏటి శిక్షణ మామూలుది కాదు. ఏప్రిల్ ఒకటి నుంచి రాష్ట్రంలో అమ్మకపు పన్ను స్థానంలో వ్యాట్ వస్తోంది. సరుకు చేతులు మారిన ప్రతిసారీ పన్ను కట్టాలి, కొన్నప్పుడు కట్టింది తగ్గించుకోవాలి. వ్యాపారులు బెదిరిపోయి ఉన్నారు. బిల్లు ఎలా కొట్టాలో డీలరే చెప్పాలి, డీలరుకు నేను చెప్పాలి. మరోపక్క బొంబాయి ఆఫీసులో ఇంకో మాట నడుస్తోంది. ఈ హోటళ్లు, భోజనాలు ఎందుకు, పాఠాలన్నీ సీడీలో వేసి పోస్టులో పంపేస్తే సరిపోదా అని. అదే జరిగితే నా ఉద్యోగమూ ఆ పోస్టులోనే పోతుంది.

కర్నూలులో శిక్షణ పెడితే కుర్చీలు సగం ఖాళీ. తిరుపతిలో పెడితే గోడకు ఆనుకుని నిలబడేవారు. కారణం నాకు తెలుసు, డీలర్లకు తెలుసు, హోటల్లో వంటవాడికి కూడా తెలుసు. బొంబాయికి మాత్రం తెలియదు. మొదటి రోజు బుద్ధిగా కూర్చునేవారు. రెండో రోజు పొద్దున సంతకం పెట్టి, మధ్యాహ్నం భోజనం కాగానే కొండెక్కేవారు. కొందరు పెళ్లాం పిల్లలతోనే దిగేవారు. నాది తిరుపతి కాబట్టి కొండ మీద గది చూసిపెట్టమని నాకే ఫోన్లు. అదీ చేసేవాణ్ణి. పైకి పంపే రిపోర్టులో మాత్రం ఇక్కడి డీలర్ల విద్యాదాహం గురించి పేజీలు నింపేవాణ్ణి. అన్నం తింటూ కూడా ఇన్వాయిస్ గురించే చర్చించుకుంటారని రాశాను. ఒకాయన నిద్రలో షార్ట్‌కట్ కీలు కలవరించాడని కూడా రాశాను.

రెండో రోజు మధ్యాహ్నం జాబ్‌వర్క్ పాఠం. నూలు మగ్గానికి పంపి, బట్ట తిరిగి తీసుకుని, నేసినవాడికి కూలీ ఇచ్చే పద్ధతి ఉంటుందే, దాన్ని సాఫ్ట్‌వేర్లో ఎక్కించడం. పొరపాటున మామూలు బిల్లులా కొడితే పంపిన నూలంతా అమ్మినట్టు లెక్కకొచ్చి పన్ను పడుతుంది. భోజనాలయ్యాక మదనపల్లె డీలరు రెడ్డెప్ప, అందరికీ పెద్దలాంటివాడు, పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు.

"సార్, పైన గది సెప్పినారు గదా. ఇంగ లేస్తే పొద్దు గూకే లోపల సేరుకుంటాం."

"పాఠం ఉండాదప్పా" అన్నాను, మాటవరసకి.

"అది యాడికీ పోదులే సార్. మీరు గూడా జీపెక్కండి. మీరు లేకుంటే దోవలో మాకు కతలెవరు సెప్తారు?"

ఆ చివరి మాటకు నేను పడిపోయాను. హాలు ఖాళీ అయింది. మూడో వరుసలో ఒక్కామె మాత్రం మిగిలింది.

ఆమె పేరు కోమల, నగరి డీలరు. భర్త మరమగ్గాల షెడ్డు చూసుకుంటే ఈమె బస్టాండు పక్కన కంప్యూటర్ సెంటరు నడిపేది. నగరి నూలు వ్యాపారులంతా ఈమె మాట మీదే మా సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. ఏప్రిల్ నాటికి జాబ్‌వర్క్ సంగతి తేల్చకపోతే మద్రాసు నుంచి వేరే కంపెనీవాణ్ణి పిలుచుకుంటామని వాళ్లు కచ్చితంగా చెప్పేశారని మొదటి రోజే నాతో అంది.

"నువ్వు పోలేదేమ్మా కొండకు?"

"స్వామిని శానాసార్లు సూసినాను సార్. ఈ జాబ్‌వర్క్‌నే ఇంకా సూడలా."

నవ్వాను. ఒక్కరికోసం ఏం చెబుతాం, రేపు అందరితో కలిపి చెబుతానని ప్రొజెక్టరు ఆపేశాను. నా పాఠానికి నవ్వేవాళ్లు హాలు నిండా ఉండాలి. ఒక్క మనిషి ముందు నిలబడితే నా దగ్గర పాఠం తప్ప ఇంకేమీ ఉండదు. కింద జీపు హారన్ కొడుతోంది.

మూడో రోజు ఉదయం కొండ దిగి వచ్చేసరికి హోటల్ మెట్ల దగ్గర మెహతా గారు కనిపించారు. దేశం మొత్తానికి డీలర్ల వ్యవహారం చూసే అధికారి. నా రిపోర్టులు చదివి, ఈ విద్యాదాహం కళ్లారా చూసి, క్లాసులు ఉంచాలా తీసేయాలా అన్నది తేల్చడానికి చెప్పకుండా వచ్చారట. ఆయన్ని వెంటబెట్టుకుని హాల్లోకి వెళ్లాను. గంధం పూసుకున్న గుండ్లు వరుసలు వరుసలుగా ట్యూబులైట్ల కింద మెరుస్తున్నాయి. మధ్యలో ఒక్క జడ.

ఏమిటిదని ఆయన అడిగారు. నా నోరు నన్ను అడగకుండానే పని మొదలుపెట్టింది. వ్యాట్ పాఠం వంటబడితే తలనీలాలు ఇస్తామని వీళ్లంతా మొక్కుకున్నారు సార్, నిన్నటితో వంటబట్టింది, రాత్రికి రాత్రే మొక్కు తీర్చుకొచ్చారు అని ఇంగ్లీషులో చెప్పాను. మెహతా గారి కళ్లు చెమర్చాయి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇలాంటి డీలర్లను చూడలేదన్నారు. తర్వాత కోమల వైపు తిరిగి, మరి మీరు మొక్కుకోలేదా అని అడిగారు.

ఆమె లేచి నిలబడి తెలుగులో చెప్పింది. "నాకింకా నేర్పియ్యలా సార్. నేర్పిస్తే నేనూ పోయి గుండు కొట్టించుకుంటా."

ఏమన్నదని ఆయన నన్ను అడిగారు. రెడ్డెప్ప గుండు తడుముకుంటూ కిందికి చూస్తున్నాడు. నేను మొదటి వాక్యాన్ని మింగేశాను. తనూ గుండు కొట్టించుకుంటానంటోంది సార్ అన్నాను. ఆయన చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఆ రోజంతా ఉపన్యాసాలకు, సర్టిఫికెట్లకు, గ్రూప్ ఫోటోకు సరిపోయింది. జాబ్‌వర్క్ ఊసు రాలేదు. ఫోటో వేళకు కోమల లేదు, నగరి బస్సెక్కేసిందన్నారు.

ఏప్రిల్ చివర్లో బొంబాయి నుంచి రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. ఒకటి, ఇకమీదట రాష్ట్రం మొత్తానికి శిక్షణ తిరుపతిలోనే, నాకు అభినందనలు. రెండు, నగరి డీలరు మానుకుంది, వేరే వాళ్లను చూడండి. మర్నాడు పొద్దున బస్సులో నగరి పోయాను.

సెంటరు తెరిచే ఉంది. మా కంపెనీ బోర్డు దించి, పేరు గోడవైపు తిప్పి ఆనించారు. కోమల కుర్చీ వేసింది, కాఫీ తెప్పించింది. నూలు వ్యాపారులు మద్రాసువాణ్ణి పిలుచుకున్నారని చెప్పింది.

"నాకూ ఇంగిలీసు తెలుసు సార్. ఆ పొద్దు మీరు ఏం సెప్పినారో అర్థమైంది. ఆయనతో ఇంగిలీసులోనే సెప్పేద్దామనుకున్నా. మీ మొగం సూసి ఊరకుండినా."

ఆ జాబ్‌వర్క్ చూపిస్తానన్నాను. ఇప్పుడెందుకు సార్ అంది గాని కంప్యూటర్ ఆన్ చేసింది. కథలేమీ చెప్పలేదు. నూలు పంపడం, బట్ట రావడం, కూలీ కట్టడం, మూడూ చేసి చూపించాను. ఆమె కూడా చేసింది. బల్ల మీద కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. కోమల తెర మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది.

"ఇంతేనా సార్?"

"ఇంతేనమ్మా" అన్నాను.

తిరుపతి శిక్షణలు ఆ తర్వాత ఇంకో రెండేళ్లు కిటకిటలాడుతూ నడిచాయి. తర్వాత సీడీలే వచ్చాయి, ఆ తర్వాత ఇంటర్నెట్లో వీడియోలు. గడువుకు ముందే రిటైరైపోయాను. డీలర్లకు శిక్షణ వల్ల ఉపయోగం ఉందా, ముందుముందు ఉంటుందా అని ఈ రంగంలోకి వచ్చే కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఉంది. దాన్ని హోటల్ హాల్లో హాజరు పట్టీ చూసి లెక్కకట్టకూడదు, పాఠం అయిన నెలకు డీలరు ఊరికి పోయి, అతని ఖాతాదారు కొట్లో నిలబడి చూడాలి. వీడియో అయినా, సీడీ అయినా, మనిషే చెప్పినా ఆ పరీక్ష ఒకటే. ఇక చెప్పేవాళ్లకు ఒక మాట. వినడానికి ఒక్కరే మిగిలినప్పుడు ప్రొజెక్టరు ఆపకండి. ఆ పాఠం అవసరమున్నది ఆ ఒక్కరికే అయి ఉండవచ్చు.