బావగారికి వాన మీద అనుమానం

మా బావగారు పోయారని కిందటి నెలలో ప్రొద్దుటూరు నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క అంటే ఆయన భార్య, నా తోటికోడలు. ఏడుస్తూనే ఒక మాట చెప్పి నన్ను నవ్వించింది కూడా. "పొద్దున కూడా డాక్టరును అడిగినాడు పాపా, ఈ రిపోర్టు నాదేనా, ఇంకెవరిదన్నా నాకు తగిలించినారా అని. సాయంత్రానికి లేడు." ఫోన్ పెట్టేశాక వంటింట్లోనే నిలబడిపోయాను. ఆ రిపోర్టు నిజంగానే ఇంకెవరిదో అయ్యుంటే ఎంత బాగుండేది! జీవితమంతా అన్ని అనుమానాలు పడ్డ మనిషికి ఆ ఒక్కటైనా నిజం కావలసింది.

ఆయన మీకెవరికీ తెలియరు. సోహార్‌లో ఒక ప్లాంటులో మెయింటెనెన్స్ చూసేవారు. మావారికి అన్న, తండ్రి పోయాక పెంచి చదివించినవారు. మా పెళ్లయి నేను ఒమన్ వెళ్లేసరికి అన్నదమ్ములిద్దరూ ఒకే బిల్డింగులో ఎదురెదురు ఫ్లాట్లలో ఉండేవారు. వాళ్లది కడప జిల్లా, నాది గోదావరి జిల్లా. ఆయన మాటతీరు నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది. అనుమానం అలవాటు కావడానికి మాత్రం ఇంకా ఎక్కువే పట్టింది.

పుచ్చకాయ కొనాలంటే కొట్టువాడి చేత కోయించి, ముక్క తిని, ఇంకో కాయ తీసుకునేవారు. అది కూడా కోయించాలేమోనని ఆలోచనలో పడేవారు. లిఫ్ట్ ఎక్కితే పైకప్పు వైపు చెవి పెట్టేవారు. డ్యూటీకి వెళ్తూ వెళ్తూ మా తలుపు గడియ కూడా ఒకసారి లాగి చూసి గానీ మెట్లు దిగేవారు కాదు. మా బాబుకి డబ్బా పాలు పట్టే రోజుల్లో, కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ చిటికెడు పొడి ముందు ఆయన నాలుక మీద పడాల్సిందే. "చూసినాక నమ్ముదాం, తొందరేముంది" అనేవారు. మొదట్లో నాకు చిరాకేసేది. పోనుపోను, అనుమానాలన్నీ ఆయనే పడుతుంటే మిగతా ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రపోవచ్చని తెలిసొచ్చింది.

అన్నిటికన్నా ఆయనకు పెద్ద అనుమానం వాన మీద. వాళ్ల నాన్నది మెట్ట సేద్యం. మబ్బు పట్టిందని విత్తనం వేయడం, ఆ మబ్బు పక్క ఊరి మీదుగా పోవడం చిన్నప్పటి నుంచీ చూసినవారు. నేను మా వైపు వానల గురించి, ఆరని బట్టల గురించి, కాలవలు పొంగడం గురించి చెప్తే మర్యాదగా వినేవారు. నమ్మేవారు మాత్రం కాదు.

రెండువేల తొమ్మిదిలో కంపెనీలన్నీ ఖర్చులు తగ్గించుకుంటున్న రోజుల్లో బావగారి కంపెనీ ఫ్యామిలీ ఫ్లాట్లు తీసేసింది. అక్క, వాళ్ల పాప ఆగస్టు చివరికల్లా ఇండియా వెళ్లిపోవాలి. ఆయన క్యాంపులో రూముకు మారాలి. ఆ తర్వాత ఏడాదికోసారి సెలవులో చూసుకోవడమే. అక్క ఏడవలేదు, గొడవ పడలేదు. ఒక్కటే అడిగింది. "పోయే లోపల నన్ను సలాలా తీసకపో. గుడారం వేసుకోని వాన్లో ఉండాల. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండి ఎండ తప్ప ఏం జూసినా నేను?"

ఒమన్ అంతా కాలిన పెనంలా ఉండే జూలై, ఆగస్టుల్లో ఆ దక్షిణపు కొసన సలాలాలో మాత్రం మబ్బు దిగి, తుంపర పడి, కొండలు పచ్చబడతాయి. దేశమంతా కార్లేసుకుని పోయి అక్కడ గుడారాలు వేసుకుంటుంది. ఆ కాలాన్ని అక్కడ ఖరీఫ్ అంటారు. ఆ పేరు వినగానే బావగారి ముఖం ముడుచుకుపోయింది. "ఆ పేరు జెప్పే మా నాయన్ను ముంచినారమ్మా" అన్నారు నాతో.

అయినా సరేనన్నారు. అక్కడే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఆయన సరేనన్న ప్రయాణం ఏదీ చివరిదాకా సాగలేదు. అంతకు ముందు సంవత్సరం తాబేళ్లను చూద్దామని సూర్ బయల్దేరి, ఇంజన్లో ఏదో శబ్దం వస్తోందని సగం దారిలో వెనక్కి తిప్పించారు. ఇంటికొచ్చి చూస్తే డిక్కీలో టిఫిన్ క్యారియర్ మూత. ఆ రోజు అక్క పులిహోర అలాగే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ ముఖం నేను మరిచిపోలేదు. ఈసారి కూడా అదే జరిగితే, ఇంకోసారి అడగడానికి అక్క ఇక్కడ ఉండదు.

ఆయన సన్నాహాలు మొదలయ్యాయి. ప్లాంటులో సలాలా నుంచి వచ్చిన ఒమానీ డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. అక్కడ నిజంగా వాన పడుతుందా అని అతన్ని అడిగారు. "వల్లా, పడుతుంది" అని ఒట్టేసి చెప్పాడట. వారం తర్వాత అదే ప్రశ్న ఇంకోలా తిప్పి అడిగి, రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూశారు. "కలిసినాయి" అని మాతో చెప్పారు గానీ, ఆ కలవడం కూడా ఆయనకు నచ్చినట్టు లేదు.

గుడారం కొనడానికి నన్నూ అక్కనూ వెంటపెట్టుకుని పెద్ద సూపర్‌మార్కెట్‌కి వెళ్లారు. షాపులో సలాలా వానల పోస్టరు కిందే మలయాళీ సేల్స్‌మన్ చేత గుడారం వేయించారు. చెప్పులు విప్పి లోపల పడుకుని, "భయ్యా, ఊపర్ సే పానీ డాలో" అన్నారు. ఆ నడివయసు మనిషి మా ముఖాలు చూశాడు. అక్క గుడ్డలు పేర్చిన అరల వైపు తిరిగి నిలబడింది. చివరికి అతను ఎవరూ చూడకుండా వాటర్ బాటిల్ తెచ్చి మూతతో కొంచెం చిలకరించాడు. బావగారు లోపల్నుంచి, "ఇంతేనా? నువ్వు కూడా మా ఊరి మేఘమేనా?" అని తెలుగులో అరిచారు. అక్క నవ్వు ఆపుకోలేక నా భుజం గిల్లేసింది.

బండిలో సామాను సర్దుతుంటే చూశాను. నీళ్ల క్యాన్లే క్యాన్లు! గొడుగు ఒక్కటీ లేదు. "బావగారూ, వాన కోసం వెళ్తూ నీళ్లు మోసుకెళ్తామా?" అన్నాను. "వాన రాకపోతే ఏం తాగుతావమ్మా, పోస్టరా?" అన్నారు.

రెండు కుటుంబాలం ఒకే పెద్ద బండిలో తెల్లవారుజామున బయల్దేరాం. నిజ్వా దాటాక ఇక అంతా ఇసుక, రాళ్లు, గీత గీసినట్టు రోడ్డు. పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా ఆయన దిగి టైర్లు తట్టడం, అక్క ఆయన ముఖంలోకి చూడడం, ఆయన మళ్లీ ఎక్కడం, అక్క ఊపిరి వదలడం. నేనూ, బండి నడుపుతున్న మావారూ అద్దంలో చూపులు కలుపుకుంటూనే ఉన్నాం. హైమాలో రాత్రి ఆగి మర్నాడు మళ్లీ రోడ్డెక్కాం. ఎడారి అయిపోయి కొండ దిగే చోట, ఎదురుగా రోడ్డు మీద తెల్లటి గోడ కనిపించింది. ముందున్న కార్లు లైట్లేసుకుని ఒక్కొక్కటే అందులోకి పోయి మాయమైపోతున్నాయి.

"రేయ్, ఆపు!" అన్నారు బావగారు. బండి పక్కకు ఆగింది. అందరం దిగాం. "పొగ రా అది. ముందర ఏ ట్యాంకరో తగలబడింటాది."

"మేఘం అన్నా. సలాలా వచ్చేసినాం" అన్నారు మావారు.

"మేఘం రోడ్డు మీద ఎందుకుంటాది రా? ప్లాంటులో ఎన్ని పొగలు జూసినా నేను! తిప్పు బండి."

సరిగ్గా అప్పుడే అందులోంచి ఒక కారు ఎదురు వచ్చింది. "అదిగో, భయపడి వెనక్కొస్తాండాడు" అన్నారు. ఇంకో రోజైతే నవ్వేదాన్నే. అక్క ముఖం చూసి నవ్వు రాలేదు. అంతా అయిపోయిందని, పులిహోర మళ్లీ ఫ్రిజ్‌లోకే పోతుందని అనుకున్నాను.

అక్క కొంగు నడుముకు దోపుకుని, రోడ్డు పక్కగా ఆ తెలుపులోకి నడుచుకుంటూ పోయింది. కాసేపు చీర అంచు కనిపించింది, తర్వాత అదీ లేదు. "మేయ్! యాడికి పోతాండావ్?" అని ఆయన కేక పెట్టారు. ఆయన గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఇంకో నెలలో తన పక్కన అక్క ఉండదన్న సంగతి ఆయనకు అప్పుడే మొదటిసారి కనబడిందేమో. చెప్పులు జారిపోతుంటే లెక్కచేయకుండా పరుగెత్తారు.

ఆ తెల్లటి గోడ దగ్గరికి చేరేసరికి అక్కే తిరిగి వచ్చింది. కనుబొమల మీద, జుట్టు మీద సన్నటి నీటి చుక్కలు. నుదుటి తడి అరచేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి ఆయన చెంప మీద పెట్టింది. "పొగ తడిగా ఉంటాదా? చూడు" అంది.

ఆయన ఆ చెయ్యి పట్టుకుని వాసన చూశారు. నిజంగానే చూశారు! అటూ ఇటూ తిప్పి మళ్లీ చూశారు. కాసేపటికి మావారి వైపు తిరిగి, "సరే. మెల్లగా పోనీ" అన్నారు. చెయ్యి మాత్రం వదల్లేదు. వెనక సీటులో నేను జరిగి చోటిస్తే వచ్చి అక్క పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

అనుకున్నట్టే ఆగస్టు చివర్లో అక్క, పాప వెళ్లిపోయారు. రిటైరయ్యేదాకా బావగారు క్యాంపు రూములోనే గడిపారు. శుక్రవారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, "మీ అక్క బాగుండానని ఫోన్లో చెప్పింది, నమ్మమంటావా?" అని అడిగేవారు. నమ్మండి బావగారూ అనేదాన్ని. ఆయనకు నేను చెయ్యగలిగింది అదొక్కటే. ఆయన మా కోసం చేసినదాంతో పోలిస్తే అది ఏపాటిది!

ఆ రోజు మేఘంలోంచి దిగాక సలాలా కొండవాలు మీద, ఒమానీ కుటుంబాల గుడారాల మధ్య మా గుడారం వేశాం. ముందు ప్లాస్టిక్ చాప పరిచాం. మేమంతా లోపల దూరి కిచకిచలాడుతుంటే ఆయన మాత్రం కుర్చీ తెచ్చి చాప మీద వేసుకుని తుంపరలో కూర్చున్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. "లోపలికి రా, తడిసిపోతాండావు" అని అక్క పిలిచింది.

"ఉండు మే. నిలిచిపోతాదేమోనని చూస్తాండా" అన్నారు.

అక్క ఇంకో కుర్చీ పట్టుకెళ్లి ఆయన పక్కన వేసుకుంది. ఇద్దరూ మధ్యాహ్నమంతా వాన ఆగిపోతుందేమోనని ఎదురుగా పచ్చటి లోయలోకి చూస్తూ కూర్చున్నారు. అది ఆగలేదు. చీకటి పడేముందు అన్నానికి పిలిస్తే లేచారు. కుర్చీలు తీయడానికి నేను వెళ్లాను. తడిసి మెరుస్తున్న చాప మీద, కుర్చీలున్న చోట, రెండు పొడి మచ్చలు పక్కపక్కనే ఉన్నాయి. నేను చూస్తుండగానే వాటి మీద కూడా చినుకులు పడసాగాయి.