లోపలి బటన్

అతనికి ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ పనివాళ్ళలో ఎవరూ దాంతో పిలవరు. అందరికీ అతను అయస్కాంతం. తలుపులకు కరెంటు తాళాలు బిగించడం అతని వృత్తి. చట్రం పైన ఒక బరువైన అయస్కాంతం, తలుపుకు ఒక ఇనుప పలక, బయట గోడకు వేలిముద్ర చూసే మిషన్. మిషన్ వేలిని గుర్తుపడితే కరెంటు కాసేపు ఆగుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆ పేరు అలా వచ్చిందని కొందరంటారు. అది కాదు, ఎవరేం పని చెప్పినా కాదనలేక అన్నీ తనకే అంటించుకుంటాడు కాబట్టి వచ్చిందని తోటివాళ్ళంటారు. వాడికి కరెంటు తీస్తే గానీ పని వదలడని వాళ్ళ వేళాకోళం. అతను నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి.

ఆ పనిలో గిరాకీ ఎప్పుడూ దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన చందమే. ఆఫీసులో కంప్యూటర్లు పోయాక ఒకరు, మందుల గోదాంలో అట్టపెట్టెలు మాయమయ్యాక ఇంకొకరు పిలుస్తారు. వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒకటే. బయటివాడు లోపలికి రాకూడదు. లోపలివాడి సంగతి ఎవరూ అడగరు. అది అడిగేవాడు ఒక్క మేస్త్రి.

అయస్కాంతానికి పని నేర్పిన ఆ మేస్త్రి నోరు తెరిస్తే తిట్టే. ఇప్పుడు లేడు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళందరికీ ఒక అలవాటు మిగిలిపోయింది. ఏ తలుపు దగ్గరైనా ముందు లోపలి బటన్ బిగిస్తారు. లోపల ఉన్నవాళ్ళు నొక్కితే వేలిముద్రా కార్డూ ఏమీ లేకుండా తలుపు తెరుచుకునే ఆకుపచ్చ బటన్ అది. దాన్ని బిగించి, కరెంటిచ్చి, నొక్కి చూసి, ఆ తర్వాతే బయటి మిషన్ ముట్టుకుంటారు.

"బయటివాణ్ణి ఆపడానికి ఎన్ని అడ్డాలైనా పెట్టు. లోపలివాడు మాత్రం ఒక్క వేలితో బయటపడాలి. లేదంటే అది తలుపు కాదురా, బోను" అనేవాడు మేస్త్రి.

ఆ మాట అయస్కాంతానికి మిగతావాళ్ళకంటే లోతుగా దిగింది. దానికి కారణం అతని అక్క.

అమ్మ పోయేనాటికి అతనికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాడు. అక్కే బడి మానేసి అచ్చాఫీసులో కాగితాలు మడిచే పనిలో చేరింది. రోజూ బడి వదిలే వేళకు వేళ్ళకు సిరాతోనే పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఇంట్లో దిగబెట్టి, మళ్ళీ పనికి పోయేది. ఒకసారి మాత్రం అచ్చాఫీసులో అర్జంటు పని పడి ఆలస్యమైంది. పిల్లలందరూ వెళ్ళిపోయారనుకుని కాపలాదారు గేటుకు తాళం వేసి ఇంటికి పోయాడు. మెట్ల మీద కునికిన పిల్లవాడు లేచి చూస్తే ఎవరూ లేరు. అక్క వచ్చేసరికి గేటు ఊచలు పట్టుకుని, ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతున్నాడు. తాళంచెవి కోసం ఎవరో కాపలాదారు ఇంటికి వెళ్ళారు. ఆయన వచ్చేదాకా అక్క ఊచల్లోంచి చెయ్యి పెట్టి వాడి చెయ్యి పట్టుకునే నిలబడింది.

"ఇంకెప్పుడూ ఆలస్యం చెయ్యనురా చిన్నోడా. ఒట్టు" అంది.

చెయ్యలేదు. జ్వరమొచ్చినా, వానొచ్చినా, బడి గంట కొట్టేసరికి గేటు అవతల ఆమె ఉండేది. పెళ్ళి మాటెత్తితే వీడి చదువు కానివ్వండి అనేది. చదువయ్యాక వీడి పెళ్ళి కానివ్వండి అంది. అతని పెళ్ళయ్యాక అడిగేవాళ్ళు లేకుండాపోయారు. అతను తాళాల పనిలో చేరినప్పుడు, బడి గేటు మీద పగ తీర్చుకోవడానికే పోయాడని ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వేది.

ఆ నవ్వే మనిషికి మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు తాళంచెవులు మరిచింది, తర్వాత వెలిగించిన పొయ్యి, తర్వాత మరదలి ముఖం. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పనికి పోయేవాళ్ళే. ఒకరోజు గది నిండా గ్యాసు నిండాక ఇక తప్పలేదు. అలాంటి పెద్దవాళ్ళను చూసుకునే ఆశ్రమంలో చేర్చారు. అక్కడ అన్నీ బాగానే ఉండేవి, బడి వదిలే వేళ తప్ప. ఎండ కిటికీలోంచి మంచం మీదికి వాలగానే అక్క లేచేది. తల దువ్వుకుని, చేతిసంచీ మోచేతికి తగిలించుకుని, తమ్ముణ్ణి తీసుకురావడానికి బయల్దేరేది. మొదట్లో వరండాలో దొరికేది. తర్వాత గేటు దగ్గర. చివరికి పెద్ద రోడ్డు మధ్యలో దొరికింది. లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు కాబట్టి దొరికింది.

ఆశ్రమం నడిపే మేడమ్ అతన్ని పిలిపించింది. మంచి మనిషే గానీ ముప్పై మంది ముసలివాళ్ళ ప్రాణం ఆమె తలమీద ఉంది. ఇంకొకసారి ఇలా జరిగితే మీ అక్కగారిని మేము ఉంచుకోలేం అంది. ఉంచుకోగలిగిన చోటు ఇంకొకటి లేదని ఇద్దరికీ తెలుసు. తలుపుకు మీ తాళం పెట్టండి, లోపల మాత్రం బటన్ వద్దు, పనివాళ్ళకు రెండువైపులా వేలిముద్ర మిషన్ ఉంటే చాలు అని చెప్పింది. నిప్పు అంటుకుంటే అలారం మోగగానే అయస్కాంతం దానంతటదే వదిలేస్తుంది కదా అని కూడా అడిగి కనుక్కుంది.

నువ్వు వద్దులే, మేం పోయి బిగించొస్తాం అన్నారు తోటివాళ్ళు. అతను వినలేదు. అక్క దగ్గర డ్రిల్లు మోత ఇంకెవరో పెడితే భయపడుతుంది అన్నాడు.

పొద్దున్నే మొదలుపెట్టాడు. అయస్కాంతం బిగించాడు, పలక బిగించాడు, తీగ లాగాడు. అక్క ఒక కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుని చూసింది. పని బాగా చేస్తున్నావు బాబూ, మీ ఊరెక్కడ అని అడిగింది. అతను ఏదో ఊరు చెప్పాడు.

అతను ఏం ఆలోచిస్తూ ఉన్నాడో గానీ, చేతులు మాత్రం మేస్త్రి మాటే వింటున్నాయి. బయటి మిషన్ డబ్బా ఇంకా విప్పనే లేదు, లోపలి గోడకు ఆకుపచ్చ బటన్ ఎక్కేసింది. తీగ కలిపాడు, కరెంటిచ్చాడు, నొక్కి చూశాడు. టక్కుమంది, తలుపు వదిలింది. అప్పటికి గానీ తాను చేసిందేమిటో అతనికి తెలియలేదు. ఊడదీయడానికి చూస్తే సన్న మొన ఉన్న స్క్రూడ్రైవరు సంచీలో లేదు, కింద బండిలో ఉంది. తెచ్చుకుందామని దిగాడు.

నొక్కితే తలుపు వదలడం అక్క చూస్తూనే ఉంది కదా. ఎండ మంచం మీదికి వాలింది. ఆమె లేచింది.

అతను పైకొచ్చేసరికి కుర్చీ ఖాళీ. పక్కమెట్ల మీద చెప్పు ఒకటి పడి ఉంది. ముసలివాళ్ళను చూసుకునే ఆయమ్మ గుండెలు బాదుకుంటూ, "తాళం వేశాం గానీ గొళ్ళెం మరిచాం బాబూ" అని పరిగెత్తింది. అతను ఆమెను దాటి, గేటును దాటి వీధిలో పడ్డాడు. పెద్ద రోడ్డు అంచున అక్క నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. దాటడానికి సందు కోసం చూస్తోంది. అతను ఆయాసంతో వచ్చి పక్కన నిలబడితే తల తిప్పి చూసింది.

"బాబూ, కాస్త రోడ్డు దాటిస్తావా? మా తమ్ముడి బడి వదిలేస్తారు. నేను కనబడకపోతే వాడు ఏడుస్తాడు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. దాటిస్తానమ్మా అన్నాడు. దాటించలేదు. పేవ్‌మెంటు మీద కొంత దూరం నడిపించి, మలుపు తిప్పి, పక్క సందులోంచి ఆశ్రమం వెనక గేటుకే తెచ్చాడు. ఆమె దారి పొడుగునా వాడి గురించే చెప్పింది. లెక్కల్లో మొద్దు, మనసు మాత్రం వెన్న అంది.

ఆ సాయంత్రం అతను బటన్ ఊడదీయలేదు. వెనక తీగ మాత్రం కత్తిరించాడు. తాళానికి పోయే ఆ తీగను తెచ్చి ఆయమ్మ బల్ల దగ్గర ఒక చిన్న గంటకు కలిపాడు. నొక్కితే గంట మోగుతుంది, తలుపు కదలదు. బటన్ లేకపోతే ఆమె తలుపు బాదుకుంటుంది, బటన్ ఉంటే నొక్కి ఎదురుచూస్తుంది, ఆ వేళకు నేనొచ్చి బయటినుంచి తెరుస్తాను అని మేడమ్‌కు చెప్పాడు. మేడమ్ ఒప్పుకుంది. అంత తెలివైన పని చేసి అతను మెట్ల మీద కూర్చుండిపోయాడు. మేస్త్రి ఉంటే ఏమనేవాడో అతనికి తెలుసు. ఈసారి కట్టింది బోనే. దాని మీద అబద్ధమొకటి కూడా అంటించాడు.

అబద్ధమే గానీ, అది పనిచేసింది.

బడి వదిలే వేళకు అక్క తల దువ్వుకుని వచ్చి బటన్ నొక్కేది. గంట మోగేది. వస్తున్నాడమ్మా, దారిలో ఉన్నాడు అని ఆయమ్మ బల్ల దగ్గర్నుంచే అరిచేది. కాసేపటికి తలుపు నిజంగానే తెరుచుకునేది, అతను కనిపించేవాడు. మిషన్‌తో ఆయమ్మకే తిప్పలు. ఎప్పుడూ తడిసే ఉండే ఆ వేలిని అది ఒకసారి ఒప్పుకునేది, ఒకసారి తోసేసేది. "ఇదీ మీ అక్కగారి రకమే బాబూ. పొద్దున గుర్తుపడుతుంది, మధ్యాహ్నం నువ్వెవరంటుంది" అనేది ఆయమ్మ. అతని వేలిని మాత్రం మిషన్ ఒక్కసారీ కాదనలేదు. అక్క సంగతే రోజుకొక రకం. కొన్నిరోజులు ఎవరు కావాలండీ అనేది. కొన్నిరోజులు ముఖం విప్పారేది.

"వచ్చావా చిన్నోడా!" అని అతని భుజం మీది పనిముట్ల సంచీ అందుకోబోయేది. "ఇంత బరువు మోయిస్తారా మీ మాస్టార్లు? వాళ్ళ చేతులు పడిపోను."

ఒకరోజు సంచీ తెరిచి డ్రిల్లు బయటికి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి, ఇదే సబ్జెక్టురా అంది. లెక్కలు అన్నాడు. అందుకే నీకు ఎక్కట్లేదు అంది. నడివయసు మనిషి, తలలో సగం నెరిసినవాడు, ఆ మాటకు పదేళ్ళ పిల్లాడిలా తల వంచుకుని నవ్వాడు. ఆ రోజులకోసమే అతను ఎక్కడ పనిలో ఉన్నా ఎండ వాలేసరికి పనిముట్లు సర్దేసేవాడు. అప్పగించిన పనల్లా అంటించుకునే మనిషి మొదటిసారి కాదనడం నేర్చుకున్నాడు.

ఒక్కరోజు మాత్రం కాదనలేకపోయాడు. ఊరి అవతల ఒక ఆఫీసులో మేనేజరు తన గదికి తానే అడిగి పెట్టించుకున్న తాళంలో తానే ఇరుక్కున్నాడు. లోపలి బటన్ మీదికి బీరువా జరిపించుకున్న మహానుభావుడు. అద్దం పగలగొట్టొద్దు, తలుపు గీత పడొద్దు, నువ్వే రావాలని ఒకటే ఫోన్లు. ఆ మేనేజర్ని బయటికి తీసి, రద్దీలో పడి ఆశ్రమానికి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు.

ఆయమ్మ అతన్ని కోప్పడలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. గంట మోగుతూనే ఉందట. భోజనానికి పిలిస్తే రాలేదట. నొక్కి నొక్కి, చివరికి తలుపు పక్కనే నేలమీద కూర్చుందట. అతను వెళ్ళేసరికి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆలస్యమైందక్కా అన్నాడు. ఆమె తిరగలేదు.

మర్నాడు ఎండ మంచం మీదికి వాలింది. ఆమె లేవలేదు. ఆ మర్నాడూ అంతే. జబ్బు ఇంకాస్త ముదిరింది, మీరు వేళకు వచ్చినా ముదిరేదే అని డాక్టరు చెప్పాడు. అతను తలూపాడు, నమ్మలేదు. ఆ వేళకు బల్ల దగ్గర గంట మోగడం ఆగిపోయింది. అతను మాత్రం రావడం ఆపలేదు. వేలు పెడితే మిషన్ గుర్తుపట్టేది, తలుపు తెరుచుకునేది, వెనకాల ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆమె బయటికి పోకుండా ఉండాలని కట్టిన తలుపు అది. ఇప్పుడు ఆమె ఒక్కసారి బయల్దేరాలనుకుంటే చాలనిపించేది అతనికి.

ఆ బటన్ ఇంకెవరికీ అక్కర్లేదు, తీసి గోడ పూడ్చేయండి అని మేడమ్ మెల్లగా అడిగింది. స్క్రూడ్రైవరు తీసుకునే వచ్చాడతను. వచ్చినవాడు ఆగాడు. ఆయమ్మను బతిమాలి, అక్కను లేపి, తల దువ్వించి, చేతిసంచీ మోచేతికి తగిలించి, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టించాడు. తాను బయటికి పోయి నిలబడ్డాడు. లోపల ఆయమ్మ అక్క వేలు పట్టి బటన్ మీద పెట్టింది. గంట మోగింది. అతను మిషన్ మీద వేలు పెట్టాడు. తలుపు తెరుచుకుంది.

అక్క తలెత్తి చూసింది. ముఖం విప్పారలేదు. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళను పలకరించే మర్యాద మాత్రం ఆ ముఖంలో ఇంకా మిగిలి ఉంది.

"ఎవరు కావాలండీ?"

అతను గడపలోనే నిలబడి భుజం మీది సంచీ సర్దుకున్నాడు.

"మా అక్కండీ. నన్ను తీసుకెళ్ళడానికి వస్తానంది."

ఆమె అతన్ని ఆపాదమస్తకం చూసింది. భుజం మీది బరువైన సంచీని చూసింది. జాలిపడింది.

"ఇంకా రాలేదు బాబూ. ఇలా వచ్చి కూర్చో" అంది. అతను పక్క కుర్చీలో కూర్చుంటే, ఎవరో పరాయి పిల్లవాణ్ణి ఊరుకోబెడుతున్నట్టు అతని చేతి మీద చెయ్యి వేసింది. "ఏడవకు. వస్తుంది. వస్తానందంటే వచ్చేస్తుంది."

తలుపు దానంతటదే మూసుకుని, అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. అతను సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆమె చెయ్యి వదలకుండా, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.